సోయా తరుగులో నీళ్లెన్ని, గింజలెన్ని

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినపడుతోందా? సరే.

ఒక చిన్న లెక్క అడుగుతాను. మీ దగ్గర సరిగ్గా ఒక క్వింటాల్ సోయా ఉంది. తేమ 16 శాతం. కొనుగోలు కేంద్రంలో 12 దాటితే తీసుకోరు కాబట్టి ఎండబోశారు, 12కి వచ్చింది. ఇప్పుడు కాంటా మీద పెడితే ఎంత తూగుతుంది?

తొంభై ఆరు అంటున్నారు. ఎక్కడ అడిగినా ఇదే జవాబు వస్తుంది. పదహారులో పన్నెండు పోతే నాలుగు, వందలో నాలుగు పోతే తొంభై ఆరు. కానీ కాంటా చూపించేది 95 కిలోల 450 గ్రాములు. మిగతా అర కిలో చిల్లర ఎవరూ ఎత్తుకుపోలేదు.

16 శాతం తేమ అంటే వంద కిలోల్లో 16 కిలోలు నీళ్లు, 84 కిలోలు ఎండు గింజ. ఎండకి పోయేది నీళ్లే. 84 మాత్రం 84గానే ఉంటుంది. ఆరాక ఆ 84 కిలోలు మొత్తం బరువులో 88 శాతం కావాలి, ఎందుకంటే మిగతా 12 నీళ్లు. 84ని 88తో భాగించి వందతో గుణిస్తే 95.45. అంతే లెక్క. తేమ తగ్గే కొద్దీ మొత్తం బరువూ తగ్గుతుంది కాబట్టి, ఒక్కో పాయింటుకి, అంటే తేమలో ఒక్కో శాతానికి, పోయేది కిలో కాదు, 1 కిలో 136 గ్రాములు. అంటే 14 తేమ మీద ఉన్న క్వింటాల్ 12కి వచ్చేసరికి 97.73 అవుతుంది. 15 అయితే 96.59. 18 అయితే 93.18. ఫోన్‌లో కాలిక్యులేటర్ అందరికీ ఉంది: వందలోంచి ఇప్పటి తేమ తీసేయండి, 88తో భాగించండి, మీ క్వింటాళ్లతో గుణించండి. 12 దగ్గర మీకు మిగిలేది అదే.

పది క్వింటాళ్ల కుప్ప 16 మీద ఉంటే 12కి తేవడానికి 45 లీటర్ల నీళ్లు పోవాలి. మూడు బిందెలు. కుప్పని చూస్తే చెయ్యి తడవదు, కానీ ఆ మూడు బిందెలూ అందులో ఉన్నాయి. వాటికి ఎవరూ సోయా ధర కట్టరు, కట్టాలని అడగడమూ న్యాయం కాదు. అడగాల్సింది ఏమిటంటే, కోసే తరుగు ఆ నీళ్లంతేనా, లేక నీళ్ల పేరు చెప్పి గింజలు కూడా పోతున్నాయా అని. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నీళ్లకి ఒక ఖాతా, గింజకి ఒక ఖాతా. రెండూ కలిపి రాస్తే ఏ తరుగు ఎక్కడ పోయిందో ఎప్పటికీ తేలదు.

ఆదిలాబాద్, నిర్మల్ వైపు వాళ్లకి పత్తి లెక్క బాగా తెలుసు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు 8 శాతం తేమ దగ్గర పూర్తి ధర ఇచ్చి, ఆపైన 12 దాకా పాయింటుకి ఇంత అని ధర తగ్గిస్తారు. వడ్లయితే 17 దాకా తీసుకుంటారు. సోయాకి 12. వడ్లకి 17 ఇచ్చి సోయాకి 12 ఏమిటని చాలామంది అడుగుతారు. సోయా గింజలో ఐదో వంతుకి దగ్గరగా నూనె ఉంటుంది. నూనె నీళ్లని పట్టుకోదు. కాబట్టి ఉన్న తేమంతా మిగతా భాగంలోనే కుదురుకుంటుంది. గాలిలో తేమ 70 శాతం ఉన్నచోట వడ్లు 13 పైన నిలబడితే సోయా 12 దగ్గరే ఆగుతుంది. అదే గాలి, అదే బూజు ప్రమాదం, తేమ మీటరు మీద అంకె మాత్రం వేరు. సోయాలో 14 అంటే వడ్లలో 14 అంత తేలిక కాదు, అప్పటికే బూజు పట్టే గీత దాటేసినట్టే.

ఈ 12 గీత మీద పెద్ద పేచీ 2024లో వచ్చింది. కోతల వేళ వానలు, సరుకంతా తడి. నవంబరులో కేంద్రం ఆ సీజనుకి 15 శాతం దాకా కొనడానికి ఒప్పుకుంది. ఆ ఉత్తర్వులో ఒక మాట ఉంది, అది చాలామంది గమనించలేదు. 12 నుంచి 15 మధ్య తేమ వల్ల వచ్చే నష్టం రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలని. ఎందుకు పెట్టారో ఇప్పుడు మీరే చెప్పగలరు. 15 మీద కొన్న క్వింటాల్ గోదాములో 12కి వచ్చేసరికి 3 కిలోల 400 గ్రాములు తగ్గుతుంది. రైతుకి పూర్తి ధర ఇస్తే ఆ బరువు ఎవరో ఒకరి ఖాతాలో పడాలి.

ఇప్పుడు ప్రైవేటు అమ్మకం. కొనేవాడు పాయింటుకి కిలో చొప్పున కడ్తా, అంటే తూకంలో తరుగు, తీస్తే కోపం తెచ్చుకోకండి. నిజంగా పోయే నీళ్ల కన్నా అది తక్కువే. పాయింటుకి కిలోంబావు అన్నా, ఎత్తి దించడంలో రాలేది కలుపుకున్నాడని సర్దుకోవచ్చు. పాయింటుకి రెండు కిలోలు అంటే మాత్రం అందులో దాదాపు 860 గ్రాములు మీ గింజలు. ఇంకోటి, ఇది చాలాచోట్ల జరుగుతుంది: తడి సరుకని ముందే ధర తగ్గిస్తారు, కాంటా దగ్గర మళ్లీ తడి అని బరువు తగ్గిస్తారు. ఒకే నీళ్లకి రెండుసార్లు కోత. ధరలో తగ్గించావా, బరువులో తగ్గిస్తావా, ఏదో ఒకటి చెప్పు అని కాంటా ఎక్కకముందే అడగాలి. కాంటా అయ్యాక అడిగితే ఉపయోగం లేదు.

తడి మీదే అమ్మాలా, ఆరబెట్టి అమ్మాలా? దీనికీ అదే భాగహారం. ఆరిన సరుకు క్వింటాల్ 4300 పలుకుతోందనుకుందాం. 16 తేమ సరుకు న్యాయమైన ధర 4300ని 84తో గుణించి 88తో భాగిస్తే వస్తుంది, 4104 రూపాయలు. అంతకు పైన ఎవరైనా ఇస్తే, టార్పాలిన్ కిరాయి, కూలీ, మబ్బు పడితే ఉండే గుబులు, ఇవన్నీ మిగులు, ఇచ్చేయండి. 3800 అంటే క్వింటాల్‌కి మూడు వందలు వదులుకుంటున్నట్టు. రెండు ఎండలకి కూలీ అంత అవుతుందా అన్నది ఇక మీ ఊరి లెక్క. శనగ వేసే తొందరలో చాలామంది ఈ లెక్క వెయ్యరు. కల్లం ఖాళీ కావాలి, చేను దున్నాలి. తొందర ఉన్నవాడని కొనేవాడికీ తెలుసు.

ఇంతవరకూ తడి సంగతి. దీనికి ఎదురుగా ఇంకో నష్టం ఉంది. దాని గురించి ఎవరూ గొడవ చెయ్యరు, ఎందుకంటే దాన్ని కోసేది ఎవరో కాదు, ఎండ. కేంద్రంలో వెనక్కి పంపుతారేమోనన్న భయంతో సోయాని నాలుగైదు రోజులు ఎండలో ఉంచేస్తారు. మీటరు 9 చూపిస్తుంది. కేంద్రంలో అభ్యంతరం లేకుండా తీసుకుంటారు, ఇంటికి సంతోషంగా వస్తారు. ఇందాకటి లెక్క వెయ్యండి. 12 మీద క్వింటాల్ ఉన్న సరుకులో ఎండు గింజ 88 కిలోలు. 9 దగ్గర అది 88 భాగించు 91, అంటే 96 కిలోల 700 గ్రాములు. 3 కిలోల 300 గ్రాములు గాల్లో కలిసిపోయాయి. 2025–26 మద్దతు ధర 5,328. అంటే క్వింటాల్‌కి 176 రూపాయలు. ఇరవై క్వింటాళ్లకి మూడున్నర వేలు. 9 శాతం తెచ్చారని ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు. 12కి పైన ఉంటే కోత ఉంది, కింద ఉంటే బహుమానం లేదు. అందుకే గురి 11 నుంచి 11.5 మధ్య పెట్టుకోవాలి. మీటరు అర పాయింటు అటూ ఇటూ అయినా గీత దాటరు, బరువూ వృథా కాదు. మధ్యప్రదేశ్ నూనె మిల్లుల వైపు 10 తేమ మీద బేరం నడుస్తుంది. అక్కడికి పంపే రైతు సంఘాలు ఈ లెక్కలో 88 బదులు 90 పెట్టుకోవాలి, పాయింటుకి 1.11 కిలోలు వస్తుంది.

మరి 11.5 దగ్గర ఆపాలంటే అంకె తెలియాలి. మీటరు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఒక పాయింటు తప్పు చూపిస్తే మద్దతు ధర మీద క్వింటాల్‌కి అరవై రూపాయలు.

చేతిలో పట్టుకునే మీటర్లు తేమని నేరుగా కొలవవు. గింజల గుండా విద్యుత్తు ఎలా నడుస్తోందో చూసి, దాన్నిబట్టి తేమ ఇంత ఉండొచ్చని చెప్తాయి. అందుకే మీటరులో సోయా అని ఎంచుకున్నారా, లేక ముందు రైతు మక్కలు పెట్టినప్పటి సెట్టింగే ఉందా, ముందు అది చూడాలి. రెండోది వేడి. మధ్యాహ్నం రెండింటికి టార్పాలిన్ మీంచి దోసిలితో తీసిన గింజ చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. మీటరుకి వేడి సవరణ ఉన్నా, గింజ వేడి ఒకటి, మీటరు గిన్నె వేడి ఒకటి అయితే అంకె నమ్మలేం. నమూనాని మూత ఉన్న డబ్బాలో వేసి నీడలో అరగంట ఉంచి చూడండి. మూత ఎందుకంటే, తెరిచి పెడితే ఆ అరగంటలో నమూనా ఒక్కటే ఆరిపోతుంది, కుప్ప ఆరదు.

మూడోది, చాలామందిని కేంద్రం దగ్గర వెర్రివాళ్లని చేసేది. సాయంత్రం కల్లంలో 11.8 వచ్చింది. రాత్రి సంచులకెత్తారు. పొద్దున కేంద్రంలో 12.6. కేంద్రం మీటరు దొంగది అని గొడవ. మీటరు దొంగది కాకపోవచ్చు. గట్టి ఎండకి గింజ పైభాగం ఆరుతుంది, లోపలి తేమ అంత త్వరగా బయటికి రాదు. మీటరు ఎక్కువగా పైభాగాన్నే చూస్తుంది. రాత్రంతా సంచిలో ఉంటే లోపలి తేమ పైకి వచ్చి సమానమవుతుంది, అప్పుడు అసలు అంకె బయటపడుతుంది. కాబట్టి ఎండ దిగాక కుప్ప చేసి, కప్పి, ఒక రాత్రి ఆగి, పొద్దున చూసిన అంకెనే నమ్మండి. బండి కట్టేది ఆ తర్వాతే.

నమూనా ఎక్కడ తీస్తారన్నది కూడా తేడా తెస్తుంది. ట్రాలీ పైన చేత్తో తీస్తే ఆరిన గింజ వస్తుంది, అది మీకు లాభం. అడుగున పెట్టిన రెండు తడి సంచుల్లోంచి తీస్తే నష్టం. పై, మధ్య, అడుగు సంచులన్నిట్లోంచీ కాస్త కాస్త తీసి, కలిపి, మూడుసార్లు మీటరులో పోసి సగటు తీసుకోమని అడగండి. మీటరే లేని ఊళ్లలో ఒక పాత పద్ధతి ఉంది: పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, ఒక చెంచాడు బాగా ఎండిన ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపడం. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే 15 పైన ఉన్నట్టు. అంటుకోకపోతే 15 కింద. 12 వచ్చిందో లేదో మాత్రం ఉప్పు చెప్పదు.

ఆరబెట్టడం మీకు నేను నేర్పేది కాదు. రెండంగుళాలకి మించని మందం, గంటకోసారి తిరగెయ్యడం, నాలుగు దాటగానే కుప్ప చేసి కప్పడం. ఈ చివరిది మాత్రం నొక్కి చెప్తాను. అక్టోబరు నెలాఖరుకి మన జిల్లాల్లో రాత్రి మంచు పడుతుంది. పగలంతా ఆరింది, రాత్రి తెరిచి ఉంచితే పైపొర మళ్లీ నీళ్లు తాగుతుంది. ఇలా తడిసి ఆరి, తడిసి ఆరితే పైతొక్క ముడతలు పడి పగుళ్లిస్తుంది. అక్కడ బరువు తేమ దగ్గర పోదు, బద్దల దగ్గర పోతుంది.

ఇప్పుడు రెండో ఖాతా, గింజ ఖాతా.

గింజ పోవడం చేలోనే మొదలవుతుంది. ఆకులు పసుపెక్కి రాలి, వందకి తొంభై ఐదు కాయలు గోధుమ రంగుకి తిరిగాయంటే కోతకి వచ్చినట్టు. అప్పుడు గింజ తేమ 15 నుంచి 17 ఉంటుంది. జేఎస్ 335 లాంటి రకాల్ని పండాక పది రోజులకి మించి నిలబెడితే కాయ చిట్లుతుంది. పొద్దున మంచుకి కాయ ఉబ్బి, మధ్యాహ్నం ఎండకి బిగుసుకుని, అలా నాలుగు రోజులు జరిగితే అతుకు దగ్గర విడిపోయి గింజని విసిరేస్తుంది. మధ్యాహ్నం పూట చేలోకి వెళ్తే టపటపమని వినపడుతుంది చూడండి, అదే. అందుకే చేత్తో కోసేవాళ్లు మంచు ఆరకముందు పొద్దునే కోయాలి, కాయ మెత్తగా ఉంటుంది. నూర్పిడి మధ్యాహ్నం.

ఎంత రాలిందో చూపుడు వేలితో లెక్కపెట్టొచ్చు. నాలుగు మీటర్ల తాడు తీసుకుని రెండు కొసలూ ముడెయ్యండి. మీటరుకొక పుల్ల గుచ్చి చదరంగా పరిస్తే ఒక చదరపు మీటరు. అందులో నేల మీద పడిన గింజలు ఏరండి. కాయలు పడి ఉంటే వలిచి ఆ గింజలూ కలపండి. వంద గింజలు 12 గ్రాములు తూగే రకమైతే, చదరపు మీటరులో దొరికిన గింజల సంఖ్యలో సగం ఎంతో, ఎకరాకి పోయిన కిలోలు అంత. గింజలు ఇరవై దొరికితే ఎకరాకి పది కిలోలు. అరవై దొరికితే ముప్ఫై కిలోలు. వంద దొరికితే అర క్వింటాల్. ఎకరంలో 4047 చదరపు మీటర్లు కాబట్టి ఈ లెక్క దాదాపు సరిగ్గా కుదురుతుంది. చేలో నాలుగైదు చోట్ల చూసి సగటు తీయండి. నేల మీద అరవై గింజలంటే కంటికి ఏమీ ఉన్నట్టే ఉండదు, అదే దీంతో చిక్కు.

హార్వెస్టర్ పెట్టించేవాళ్లు ఈ తాడుని రెండుసార్లు పరవాలి. కోయకముందు ఒకసారి, బండి పోయాక ఒకసారి. మొదటిది ఆలస్యం వల్ల పోయింది, తేడా బండి వల్ల పోయింది. బండి నష్టంలో ఎక్కువ భాగం లోపల డ్రమ్ము దగ్గర కాదు, ముందు కత్తెర దగ్గరే జరుగుతుంది. సోయాకి అడుగు కాయలు నేలకి చాలా దగ్గరగా కాస్తాయి. డ్రైవరు రాళ్ల భయంతో కత్తెర నాలుగైదు అంగుళాలు లేపితే అవన్నీ మోడుకే ఉండిపోతాయి. ముందు తిరిగే రీలు బండి వేగం కన్నా మరీ ఎక్కువగా తిరిగితే కొట్టి రాలుస్తుంది. గంటకి ఇంత అని మాట్లాడుకున్నప్పుడు డ్రైవరు మెల్లగా నడిపితే మీకు కిరాయి బాధ, ఎకరాకి ఇంత అయితే గబగబా నడపడం అతనికి లాభం. ఎలా మాట్లాడుకున్నా సరే, మొదటి రెండు సాళ్లు కోశాక ఆపించి తాడు పరవండి.

త్రెషర్ దగ్గర తేమే మళ్లీ యజమాని. 13, 14 మీద డ్రమ్ము నిమిషానికి 350 నుంచి 400 చుట్లు తిరిగితే సరిపోతుంది. మక్కలకో జొన్నలకో పెట్టిన వేగంలోనే సోయా పోస్తే బద్దలు వస్తాయి. 10 కిందకి ఆరిన సోయా అయితే వేగం తగ్గించినా పగులుతుంది; పైతొక్క పల్చన, లోపల రెండు బద్దలు, దెబ్బకి విడిపోతాయి. 17 పైన తడి ఉంటే పగలదు కానీ నలుగుతుంది, కాయ పూర్తిగా విడవదు, గింజ కాయతోపాటే పొట్టు వైపు వెళ్లిపోతుంది. గాలి సంగతి అందరికీ తెలిసిందే అయినా ఎవరూ కొలవరు. పొట్టు పడేచోట ఒక పట్టా పరిచి, సరిగ్గా ఒక నిమిషం ఆగి తీయండి. తూర్పారబట్టి గింజ ఎంతుందో తూచండి. అదే నిమిషంలో ముందు వైపు పది కిలోలు వచ్చి, పొట్టులో 200 గ్రాములు దొరికితే వందకి దాదాపు రెండు పోతున్నట్టు. ఎనిమిది క్వింటాళ్ల ఎకరాకి పదహారు కిలోలు. గాలి కాస్త తగ్గిస్తే సంచిలో పొట్టు కాస్త పెరుగుతుంది, దాన్ని జల్లెడ పట్టుకోవచ్చు. పొట్టుకుప్పలో కలిసిన గింజని మాత్రం మళ్లీ పట్టలేం.

మట్టి, పుల్లలు, పొట్టు, వీటికి 2 శాతం దాకా ఒప్పుకుంటారు. దీని మీద ఎక్కువ చెప్పను. 4 ఉంటే క్వింటాల్‌కి రెండు కిలోలు కోత, లేదా జల్లెడ పట్టుకురమ్మని వెనక్కి. ఇంటి దగ్గర జల్లెడ పడితే కింద పడిన బద్దలు మీ పశువుల దాణాకి వస్తాయి. కేంద్రంలో పడితే అవి ఎటు పోతాయో చూసేవాళ్లు తక్కువ. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: నల్లరేగడి మట్టి పెల్ల సోయా గింజంత ఉంటే జల్లెడలో కిందకి రాదు, గాలికి ఎగరదు. అది చేరకుండా చూసుకోవాల్సింది కల్లంలోనే. మట్టి నేల మీద కుప్ప వెయ్యకపోతే చాలు.

తడి కుప్ప గురించి ఒక ముక్క. వాన భయంతో 16, 17 మీద ఉన్న సోయాని టార్పాలిన్ కింద నాలుగు రోజులు మూసేస్తే గింజ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తన పిండినీ నూనెనీ తానే తింటుంది. మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఇందాక ఎండు గింజ 84 కిలోలు 84గానే ఉంటుందన్నాను కదా, అది ఇక్కడ వర్తించదు. ఇక్కడ ఆ 84 కూడా తరుగుతుంది, పైగా గింజ రంగు మారి దెబ్బతిన్న సరుకు కింద లెక్కపడుతుంది. వాన తగ్గిన ప్రతి గంటా కప్పు తీసి గాలి తగలనివ్వండి, ఎండ లేకపోయినా సరే.

ఇక సంఘాల డైరెక్టర్లు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి గోదాము లెక్క. ఇది మనుషుల మధ్య చిచ్చు పెట్టే లెక్క.

అక్టోబరులో 13 తేమ మీద వెయ్యి క్వింటాళ్లు కొని గోదాములో పెట్టారు. మార్చిలో తీశారు. ఎండాకాలం మొదలైంది, గాలి పొడి, సరుకు తేమ 9.5. ఎంత తూగాలి? ఎండు గింజ 870 క్వింటాళ్లు. 870 భాగించు 90.5, వందతో గుణించు: 961.3. అంటే దాదాపు 39 క్వింటాళ్లు తక్కువ. 4300 ధర మీద లక్షా అరవై ఆరు వేలు. ఎవరూ ఏమీ చెయ్యకుండానే. ఇక్కడ గోదాము చూసే మనిషి మీద అనుమానం మొదలవుతుంది, మీటింగులో అరుపులు. ఆ మనిషి నిర్దోషి కావచ్చు. లేదా కాకపోవచ్చు! కాంటా బరువు ఒక్కటీ చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేమ రాసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. మార్చిలో 961 కాకుండా 955 తూగిందనుకోండి. 955ని 90.5 శాతం చేస్తే ఎండు గింజ 864.3. లోపలికి వచ్చింది 870. 5.7 క్వింటాళ్ల ఎండు గింజ తగ్గింది. ఇది నీళ్లు కాదు. చిరిగిన సంచులు, దుమ్ము, పురుగు, ఎలుకలు, హమాలీ కొక్కేలు, లేదా దొంగతనం. వెతకాల్సింది ఈ 5.7 గురించే కానీ 45 గురించి కాదు.

అందుకని స్టాకు పుస్తకంలో బరువు పక్కన ఇంకో రెండు గళ్లు గీయండి: తేమ ఒకటి, ఎండు గింజ ఒకటి. వచ్చిన ప్రతి లారీకి, పోయిన ప్రతి లారీకి రాయాలి. ఒకే మీటరు వాడాలి, రెండు మీటర్లు వాడితే వాటి తేడానే దొంగతనంలా కనిపిస్తుంది. దాచి అమ్మాలనుకున్నప్పుడు ధర ఎంత పెరిగితే గిట్టుతుందో కూడా ఇందులోంచే తెలుస్తుంది. 4300కి కొన్న ఈ సరుకు మార్చిలో 4473 పలికితే గానీ అసలు పెట్టుబడే వెనక్కి రాదు, వడ్డీ, గోదాము కిరాయి దానిపైన. మార్చిలో ధర నూటయాభై పెరిగిందని సంబరపడి అమ్మితే నష్టానికి అమ్మినట్టే.

ప్రశ్నలుంటే అడగండి.

అక్కా, మీరడిగింది అందరికీ వినపడాలి: మరీ ఎండిపోయి 9కి వచ్చిన సోయా మీద కాసిన్ని నీళ్లు చల్లి 12కి తెచ్చుకోవచ్చా అని. వద్దు. కల్తీ అన్న మాట పక్కన పెట్టినా పని జరగదు. నీళ్లు తగిలిన గింజ పైతొక్క లోపలి బద్దల కన్నా ముందు ఉబ్బుతుంది, ముడతలు పడుతుంది, మళ్లీ ఆరేటప్పుడు ఊడుతుంది. చూడగానే పట్టేస్తారు. తడి తగిలిన గింజలు 20 మీద, తగలనివి 9 మీద ఉంటాయి, సగటు 12 వచ్చినా ఆ తడి గింజల దగ్గర బూజు మొదలవుతుంది. పోయిన బరువు పోయినట్టే, వచ్చే ఏడు 11.5 దగ్గర ఆపండి.

ఇంకోటి, అక్కడెవరో సంచి బరువు అన్నారు. మంచి ప్రశ్న, నేనే చెప్పడం మర్చిపోయాను. 50 కిలోల కొత్త గోనె సంచి 580 గ్రాములు ఉంటుంది. ప్లాస్టిక్ సంచి అందులో నాలుగో వంతు కూడా ఉండదు. సంచికి కిలో చొప్పున తీసేస్తే గోనె సంచి మీద 420 గ్రాములు, ప్లాస్టిక్ సంచి మీద 850 గ్రాముల పైన మీ సోయా పోతుంది. గోనె మీద క్వింటాల్‌కి, అంటే రెండు సంచులకి, 840 గ్రాములు, అంటే ముప్పావు పాయింటు తేమ కోసినంత. దీని గురించి ఎవరూ గొడవపడరు, తేమ గురించే పడతారు. గోనె కూడా తేమ పీలుస్తుంది, వానాకాలపు ఖాళీ గోనె సంచి 580 కన్నా బరువే ఉంటుంది, ఆ మాట కొనేవాడు అంటే నిజమే. కాబట్టి వాదన వద్దు. కాంటా మొదలవకముందు అదే కట్టలోంచి పది ఖాళీ సంచులు తీసి, ఒకేసారి కాంటా మీద పెట్టించండి. ఒక్కటి పెడితే కాంటా సరిగ్గా పట్టదు, పది పెట్టాలి. వచ్చిన బరువుని పదితో భాగించి, ఆ అంకెని చీటీ మీద అందరి ముందూ రాయించి, ఆ తర్వాత మొదటి నిండు సంచి ఎత్తమనండి.